మా బాదం చెట్టుకి చుట్టాలెవరు?

పోయిన వేసవిలో మామయ్య ఫోన్ చేసి "ఒరేయ్, పెరట్లో బాదం చెట్టు కొట్టించేస్తున్నాంరా, కారు షెడ్డుకి అడ్డొస్తోంది" అన్నాడు. మా అమ్మమ్మగారి ఊరు రాజోలు దగ్గర. ఆ పెరట్లో మేం చిన్నప్పుడు సెలవులన్నీ ఆ చెట్టు కిందే గడిపాం. రాలిన కాయల్ని రుబ్బురోలు పక్కన పెట్టి రాయితో కొట్టడం, పది కాయలు కొడితే ఒక్క పప్పు విరక్కుండా బయటికి రావడం, దాని కోసం ముగ్గురం కొట్టుకోవడం... కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు.

"అంత పెద్ద చెట్టు ఎందుకు మామయ్యా కొట్టడం?" అన్నాను. దానికాయన ఇచ్చిన సమాధానం తగలాల్సిన చోటే తగిలింది. "నువ్వేగా చెప్పావు, అది అసలు బాదమే కాదని!"

నిజమే. నేనే చెప్పాను. ఇంటర్ చదివే రోజుల్లో ఎక్కడో చదివి వచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ "ఇది బాదం కాదు, డూప్లికేటు. అసలు బాదం వేరే జాతి" అని ప్రకటించాను. ఎంసెట్ పుస్తకాలు తప్ప ఇంకేం ఎరగని వయసులో వచ్చే తెలివి అది :) ఆ రోజు అందరూ నవ్వేసి ఊరుకున్నారు గానీ, మాట మాత్రం మామయ్య మనసులో ఉండిపోయిందన్నమాట. పన్నెండేళ్ళ తర్వాత అదే మాట చెట్టుకి గొడ్డలై కూర్చుంది.

ఇక నేను ఆఫీసు పని పక్కన పెట్టి (మేనేజరు ఇది చదవడనే నమ్మకంతో రాస్తున్నాను) మా చెట్టు వంశవృక్షం తవ్వడం మొదలెట్టాను. డూప్లికేటు అన్నవాణ్ణి కాబట్టి ఒరిజినల్ ఎవరో తేల్చాల్సిన బాధ్యత కూడా నాదే కదా.

ముందు కొట్లో దొరికే బాదంపప్పు సంగతి. ఆ చెట్టు గులాబీ కుటుంబానికి చెందినది. శాస్త్రంలో దాని ప్రజాతి పేరు ప్రూనస్. చెర్రీ, రేగడి నేలల్లో పండని పీచ్, ప్లమ్, ఆప్రికాట్, అన్నీ ఈ ప్రజాతిలోవే. వీటికి చలికాలం గట్టిగా ఉండాలి, లేకపోతే పూతా కాతా సరిగ్గా రాదు. అందుకే సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో అది కాయదు. ప్రపంచంలో పండే బాదంపప్పులో సుమారు 80 శాతం ఒక్క కాలిఫోర్నియా నుంచే వస్తోంది. అమలాపురం కిరాణా కొట్లో పొట్లం కట్టే పప్పు కూడా చాలా మటుకు సముద్రాలు దాటొచ్చిందే.

మరి మా పెరట్లోది? దాని పేరు టెర్మినాలియా కటప్పా. అవును, కటప్పా! 2015లో బాహుబలి వచ్చాక ఈ పేరు చదివినవాళ్ళెవరికైనా నవ్వు ఆగదు. కానీ సినిమాకీ దీనికీ సంబంధం లేదు. మలయ్ భాషలో ఈ చెట్టుని కెతపాంగ్ అంటారు, అందులోంచి వచ్చింది కటప్పా. కొమ్మల చివర (అంటే టెర్మినల్ దగ్గర) ఆకులన్నీ గుత్తిగా ఉంటాయి కాబట్టి టెర్మినాలియా. 1767లో లిన్నేయస్ పెట్టిన పేరు. అంతకు ముందే, 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలుగా వచ్చిన హోర్తుస్ మలబారికుస్ అనే గ్రంథంలో డచ్చివాళ్ళు కేరళలో దీన్ని బొమ్మ వేసి మరీ నమోదు చేశారు.

సరే, చుట్టాలెవరో చూద్దాం. టెర్మినాలియా ప్రజాతిలో ఉన్నవాళ్ళ లిస్టు తీస్తే నాకు మతిపోయింది. తెల్లమద్ది. నల్లమద్ది. కరక్కాయ. తానికాయ. అంటే త్రిఫల చూర్ణంలో మూడు కాయలుంటే అందులో రెండు మా బాదం చెట్టుకి దాయాదులే. (మూడోది ఉసిరి, అది వేరే ఇంటిది.) పాపికొండల అడవుల్లో నల్లమద్ది ఉంది. కోరింగ మడ అడవుల్లో పెరిగే లుమ్నిట్జెరా అనే చిన్న చెట్టు కూడా ఇదే కుటుంబం. ఇంకా విచిత్రం, మామయ్య ఇంటి ముందు గేటు మీద అల్లుకున్న రాధామనోహరం తీగ కూడా ఇదే కుటుంబం. అంటే గోదావరి కొండల్లోంచి దిగిన దగ్గర్నుంచి సముద్రంలో కలిసేదాకా మా చెట్టుకి చుట్టాలే. అదే బాదంపప్పు తరఫు చుట్టం మా పెరట్లో ఎవరైనా ఉన్నారా అని వెతికితే, కడియం నర్సరీ నుంచి తెచ్చి కుండీలో పెట్టిన గులాబీ మొక్క ఒక్కటే కనిపించింది. అది కూడా ఎండిపోవడానికి సిద్ధంగా ఉంది.

ఇక్కడితో ఆగితే "నేను ఇంటర్లో చెప్పింది కరెక్టే" అని సంతోషపడొచ్చు. కానీ ఇంకో ప్రశ్న మిగిలిపోయింది. అసలు బాదానికి వేడి దేశాల్లో, మన అడవుల్లో, సొంత చుట్టాలు ఎవరూ లేరా?

ఉన్నారు! పడమటి కనుమల్లో, సింహళంలో, ఆగ్నేయాసియా అడవుల్లో చెర్రీకీ బాదానికీ దగ్గరి బంధువులైన పెద్ద పెద్ద సతతహరిత వృక్షాలున్నాయి. చలి అక్కర్లేదు, మంచు అక్కర్లేదు. ఆకు నలిపితే వీటిలో చాలావాటికి చేదు బాదం వాసనొస్తుంది. 1788లో గార్ట్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త సింహళం నుంచి వచ్చిన కాయని చూసి వీటికి పైజియం అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకి అర్థం... ఎలా చెప్పాలబ్బా... పిర్రలు. కాయ రెండు బుడిపెలుగా ఉంటుంది మరి. పెద్ద పెద్ద పండితులకి కూడా మా ఇంటర్ బ్యాచ్‌కి వచ్చిన ఐడియాలే వస్తాయని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, వీటిని ఏకంగా 177 ఏళ్ళ పాటు శాస్త్రవేత్తలు వేరే ప్రజాతిగానే లెక్కేశారు. 1965లో కాల్క్‌మన్ అనే డచ్ వృక్షశాస్త్రవేత్త కూర్చుని, ఈ పైజియాలన్నీ వేరేం కాదు, ప్రూనస్‌లే, చెర్రీల బంధువులే అని ఒక పెద్ద వ్యాసంలో తేల్చాడు. అంతెందుకు, 1753లో లిన్నేయస్ బాదాన్ని ఒక ప్రజాతిలోనూ ప్లమ్‌ని ఇంకో ప్రజాతిలోనూ పెట్టాడు. ఇప్పుడు రెండూ ఒకే చోట ఉన్నాయి. మా భాషలో చెప్పాలంటే, రెండు వందల ఏళ్ళుగా కోడ్‌ని రీఫాక్టర్ చేస్తూనే ఉన్నారు, ఇంకా రిలీజు అవలేదు.

కాబట్టి "కోనసీమ జనం తెలీక కటప్పాని బాదం అనేశారు" అని నవ్వేముందు ఆలోచించాలి. తెలిసినవాళ్ళు కూడా పక్కపక్కనే ఉన్న అన్నదమ్ముల్ని 177 ఏళ్ళు గుర్తుపట్టలేదు. అదీగాక మనవాళ్ళు పేరు పెట్టడంలో అంత అమాయకులేం కాదు. ఉదాహరణకి జీడిమామిడి. అది బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువాళ్ళు మన దేశానికి తెచ్చారు. మన అడవుల్లో అంతకు ముందే చాకళ్ళు గుడ్డలకి గుర్తులు పెట్టే జీడిగింజ చెట్టు ఉంది, ఇంటింటా మామిడి ఉంది. కొత్త చెట్టు రాగానే రెండూ కలిపి జీడిమామిడి అన్నారు. ఇప్పటి వృక్షశాస్త్రం తీసి చూడండి: జీడి, మామిడి, జీడిమామిడి, మూడూ ఒకే కుటుంబం! ఏ మైక్రోస్కోపూ లేకుండా, ఏ లాటినూ రాకుండా, జిగురు చూసి, వాసన చూసి, చర్మం మీద పడితే పొక్కుతుందని చూసి, కుటుంబాన్ని కరెక్టుగా పట్టుకున్నారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో మనకి తెలీదు.

బాదం దగ్గర మాత్రం చుట్టరికం చూడలేదు, వాడకం చూశారు. బాదం పారశీక మాట. గోల్కొండ, నిజాం పాలనల్లో సర్కారు, తాలూకా, జమాబందీ లాంటి మాటలెన్నో మన భాషలో కలిసిపోయాయి కదా, ఇదీ ఆ తోవదే. పప్పు కోలగా ఉంది, రుచి కాస్త అలాగే ఉంది, ఇంకేం, ఇదీ బాదమే. తమాషా ఏంటంటే ఫ్రెంచివాళ్ళు కూడా ఈ చెట్టుని బాదమియే అంటారు. మన మాటనే తీసుకున్నారు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న యానాం మా కోనసీమకి గోదారి అవతల ఒడ్డే. గోదారికి రెండు వైపులా, రెండు ప్రభుత్వాల కింద, ఒకే చెట్టుకి ఒకే పేరన్నమాట.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వద్దాం. మన ప్రాంతపు చెట్ల పేర్లు మొదటిసారి పద్ధతిగా కాగితం మీదకి ఎక్కింది ఎక్కడో తెలుసా? మా జిల్లాలోనే (అప్పటి తూర్పు గోదావరి లెక్కన), సామర్లకోటలో. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు డాక్టరు 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సర్వీసులో చేరాడు. 1781లో సామర్లకోట వచ్చి 1793 దాకా, అంటే 12 ఏళ్ళు అక్కడే ఉన్నాడు. తోట వేశాడు, మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి పెంచి చూశాడు, చెరకు సాగు గురించి రాశాడు, రోజూ వాతావరణం లెక్కలు కట్టాడు. ఈ ప్రాంతపు మొక్కలన్నింటికీ స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1787లో వచ్చిన ఉప్పెనలో ఆయన సేకరించిన నమూనాలు, కాగితాలు, పుస్తకాలు పోయాయి. మనిషి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు. బ్యాకప్ లేని రోజుల్లో అది మాటలు కాదు.

ఆ బొమ్మల్లోంచి 300 ఎంచి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చేశారు. కోరమాండల్ తీరపు మొక్కలు అని దాని పేరు. ఆ పుస్తకం నాకు నచ్చింది బొమ్మల వల్ల మాత్రమే కాదు. ప్రతి మొక్క దగ్గరా వీలైనంత వరకూ "తెలింగవాళ్ళు దీన్ని ఇలా అంటారు" అని రాసుకున్నాడాయన. సోమిద చెట్టు గురించి అలా రాసిన మాటే తర్వాత 1830లో సొయ్మిడా అనే ప్రజాతి పేరైంది. అంటే ఇవాళ ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రవేత్త అయినా ఆ చెట్టు పేరెత్తితే మన తెలుగు మాటే పలుకుతాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1790ల మొదట్లో ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువొచ్చింది. కళ్ళారా చూసిన రాక్స్‌బర్గ్, వానలు పడకపోయినా జనానికి ఎంతో కొంత తిండి పెట్టే చెట్లు కాలవగట్ల మీదా ఊళ్ళలోనూ నాటించమని కంపెనీకి రాశాడు. కొబ్బరి, తాటి, పనస, అరటి... ఈ వరసలోనే ఉంది ఆ సలహా. ధవళేశ్వరం ఆనకట్ట రావడానికి (1847లో మొదలై 1852కి పూర్తయింది) యాభై ఏళ్ళ ముందు మాట ఇది. పెరటి చెట్టు అంటే నీడ కోసమో అందం కోసమో కాదు, కరువులో ప్రాణం నిలబెట్టే ఆస్తి అని ఒక డాక్టరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోవాల్సిన రోజులవి.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్క విషయం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఆ 300 బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు ఆ పుస్తకంలో లేవు. ఎండలో తుప్పలెంట తిరిగి మొక్క తెచ్చినవాడి పేరు లేదు. "అయ్యా, దీన్ని సోమిద అంటారండి" అని చెప్పినవాడి పేరూ లేదు. అదే కేరళ సంగతి చూడండి. రాక్స్‌బర్గ్ కంటే వందేళ్ళ ముందొచ్చిన హోర్తుస్ మలబారికుస్‌లో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరు, ఆయన తన భాషలో రాసిచ్చిన ధ్రువీకరణతో సహా, మొదటి సంపుటంలోనే అచ్చయింది. ఇవాళ కేరళలో ఆయన పేరు పిల్లలు కూడా చెబుతారు. మన సామర్లకోట చిత్రకారులు మాత్రం "స్థానిక చిత్రకారులు"గానే మిగిలిపోయారు. సాఫ్టువేరులో ఒక్క లైను మార్చినా ఎవరు మార్చారో రికార్డు ఉంటుంది. ఒక ప్రాంతపు చెట్లన్నింటికీ పేర్లు చెప్పినవాళ్ళకి ఆ పాటి గౌరవం దక్కలేదు.

ఇంతకీ పేరూ విలువా తెలిస్తే చెట్టు బతుకుతుందా? ఆ నమ్మకం కూడా పెట్టుకోకండి. బాదం బంధువుల్లో ఆఫ్రికా కొండల్లో పెరిగే ప్రూనస్ ఆఫ్రికానా అనే చెట్టుంది. 1864లో దానికి పేరు పెట్టారు. వందేళ్ళ పాటు దాని అడవిలో అది ఉంది. 1960ల్లో యూరప్‌లో దాని బెరడు సారం మగవాళ్ళ ప్రోస్టేటు వాపుకి మందుగా అమ్మడం మొదలైంది. ఇంకేముంది, కామెరూన్ నుంచి మడగాస్కర్ దాకా బెరడు వలిచేశారు. కాండం చుట్టూతా బెరడు లాగేస్తే చెట్టు చచ్చిపోతుంది, ఇది చెప్పడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. చివరికి 1995లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఎక్కించాల్సి వచ్చింది. మా చెట్టుని విలువ లేదని కొట్టిస్తానన్నారు, దాన్ని విలువుందని వలిచారు.

చేదు బాదం గురించి కూడా ఒక్క ముక్క. అడవి బాదంపప్పు చేదు, అందులో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, మోతాదు మించితే విషం. మనం తినే తీపి బాదానికి కారణం జన్యువులో ఒక్క అక్షరం మారడమని 2019లో కనిపెట్టారు. వేల ఏళ్ళ క్రితం ఎవరో ఒక చెట్టు కాయ చేదుగా లేదని గమనించి ఆ గింజ దాచి నాటారు. వాళ్ళ పేరూ మనకి తెలీదు. అంటే, నేను ఇంటర్లో గొప్పగా చెప్పిన ఆ "ఒరిజినల్ బాదం" కూడా ఒక టైపో పుణ్యమే!

ఇవన్నీ పోగేసుకుని మామయ్యకి ఫోన్ చేశాను. గంట సేపు చెప్పాను. కరక్కాయ, మద్ది, సామర్లకోట, అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "చుట్టాలెవరైతే ఏంట్రా, షెడ్డుకి అడ్డమా కాదా అదీ సంగతి" అన్నాడు. అదీ పాయింటే. కాదనలేకపోయాను.

ఫోన్ అమ్మమ్మ తీసుకుంది. కరక్కాయ, తానికాయ ఆవిడకి ఎలాగూ తెలుసు. ఆవిడ చెప్పింది వేరే. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుఫాను విరుచుకుపడ్డప్పుడు (అప్పటికి నేను ఇంకా పుట్టలేదు) పెరట్లో కొబ్బరి చెట్లు ఏడు పోయాయిట. బాదం చెట్టు కొమ్మలు విరిగి మోడులా నిలబడింది, పడలేదు. తర్వాత నాలుగు రోజులు ఆ విరిగిన కొమ్మలే పొయ్యిలోకి కట్టెలు. వచ్చినవాళ్ళందరికీ ఆ కొమ్మల ఆకులే విస్తళ్ళు కుట్టి అన్నం పెట్టిందిట. "అరిటాకులు ఎక్కడున్నాయిరా అప్పుడు, తోటంతా పడిపోతేనూ" అంది. ఇంత పెద్ద విషయం నాకెప్పుడూ చెప్పలేదేంటి అంటే, "నువ్వెప్పుడైనా అడిగావా? వచ్చావు, అది బాదం కాదన్నావు, పోయావు" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ మాట తర్వాత నాకు రాక్స్‌బర్గ్ మీద గౌరవం ఇంకాస్త పెరిగింది. కంపెనీ నౌకరే, కంపెనీ లాభం కోసమే వచ్చాడు, పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు రాయనూ లేదు. కానీ కనీసం అడిగాడు. ఏవంటారు, దేనికి వాడతారు, ఎప్పుడు పూస్తుంది అని పన్నెండేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. నేను ఆ పెరట్లో అంతకంటే ఎక్కువ వేసవులు గడిపి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

చెట్టు సంగతి అడుగుతారేమో. పూర్తిగా కొట్టలేదు, అలాగని పూర్తిగా మిగల్లేదు. షెడ్డు వైపున్న కొమ్మలన్నీ కొట్టించేశారు. ఇప్పుడది ఒక పక్కకే గొడుగు పట్టినట్టుంది. వేరు పునాదిలోకి వస్తే అప్పుడు చూద్దాం అన్నాడు మామయ్య, అంటే గండం గడిచిందని కాదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. అమ్మమ్మ దగ్గర కూర్చుని పెరట్లో ఉన్న ప్రతి మొక్క పేరూ, వాడకమూ అడిగి ఒక నోట్సులో రాసుకున్నాను. మొత్తం 41 వచ్చాయి. వాటిలో 9 పేర్లు నేను ఎప్పుడూ వినలేదు. నోట్సు మొదటి పేజీలో చెప్పినవారు అని ఆవిడ పేరు రాశాను. సంతకం పెట్టమంటే "దేనికిరా, పొలం రాయించుకుంటున్నావా?" అని నవ్వింది గానీ, పెట్టింది.

మీ ఊళ్ళో ఈ చెట్టుని బాదం అనే అంటారా, ఇంకేమైనా పేరుందా? కొత్తపేట వైపు, పాలకొల్లు వైపు, శ్రీకాకుళం వైపు ఏమంటారో తెలుసుకోవాలనుంది. నాకు చెప్పే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. వాళ్ళ పేరుతో సహా రాసుకుంటాను.